టోకెన్ నూట పదకొండు

హన్మకొండల పెద్ద ఫంక్షన్ హాలు.
పెండ్లి లేదు గని పెండ్లికొచ్చినంత మంది.
అత్తర్లు, తెల్లంగీలు, మొక్కుకుంట కదిలే పెదవులు.
స్టీలు డబ్బల నంబర్లు గలగల కలిపి
కలెక్టర్ మేడం ఒక్కటి తీసింది.

"నూట పదకొండు. గీత కార్మికుల కోటా. పంజాల ఓదెలు."

నేను లేవలే.
చిట్ల మాధవ్ మోచేత్తోని పొడిచిండు:
లే ఓదెలన్నా, గెలిచినవ్.

జిందగీల నేను గెలిచింది గదొక్కటే.
గదీ నాది కాదు.

కులం సర్టిఫికెట్ నాది, సంతకం నాది,
జిరాక్స్ సెంటర్ల నిలవెట్టి తీసిన ఫోటో నాది.
డీడీ మాధవ్‌ది.
వాపసు రాని లక్షలు, గంత చిన్న కాయితం మీద!
నాకిచ్చింది ఇరవై వేలు, ఓ కొత్త సెల్లు.
దానికి బ్యాంకోళ్లు దినాం ఫోన్ జేస్తరు,
"ఓదెలు గారూ, బిజినెస్ లోన్ కావాల్నా సార్?"
కావాలె, అంట.
ఏం బిజినెస్ అంటె మాత్రం ఫోన్ పెట్టేస్త.

నాకింకో లైసెన్సున్నది, పాతది.
పదిహేడు తాళ్లు, మొదళ్లకు సున్నం నంబర్లు.
గదే ఆఫీసు, గదే గుండ్రటి ముద్ర.
తాడు మీదికెల్లి పడితె పైసలిస్తమని చెప్పిన్రు.
మా బామ్మర్ది సారంగం పడి మూడేండ్లాయె,
కాయితాలు ఏ టేబుల్ మీద పండుకున్నయో.

దుకాణం పరకాల తొవ్వకు, మా ఊరి మొగన పెట్టిన్రు.
బడి గేటు కాడికెల్లి టేపు పట్టి కొలిచిన్రు,
గోడ దిక్కు గాదు, తొవ్వ దిక్కు,
రైసుమిల్లు సుట్టు తిప్పి, బోరింగు మలిపి.
టేపు గూడ తాగినట్టే పోయింది.
దూరం సరిపోయిందని రాసుకున్నరు.

మబ్బుల లేసి తాడెక్కి
ముత్తాదు బిగిచ్చి సూస్తె ఎర్రలైటు బోర్డు కనవడ్తది.
ఒకప్పుడు గీ యాళ్లకు మండువల
తాటాకు రేకలు పట్టుకొని వరుసగ కూసుండేటోళ్లు.
ఇప్పుడు లొట్టి దించితె పట్టెటోడు లేడు.
మాపటికి పులిసిన కల్లు మోరిల పోస్త,
నా గిరాకి నా దుకాణానికే పోయింది,
ఎవల మీద కొట్లాడాలె?

ఓ నాడు మోకాళ్లు గుంజుతున్నయని పోయిన.
క్వార్టరుకు పది రూపాలు ఎక్వడిగిండు కౌంటరు పిలగాడు.
సీసా మీద రేటు రాసుంది గద బిడ్డా, అంటె
"ఓనర్‌ని అడుగు పో" అన్నడు.
వాని ఎనుక గోడకు లైసెన్సు ఫ్రేము.
దాంట్ల నేను, కండ్లు పెద్దగ జేసుకొని.
వాడు నా మొకం సూసిండు గని
ఎనుకకు మర్లి సూడలే.
పది రూపాలు ఇచ్చి అచ్చిన.

మొన్న రేషన్ దుకాణంల రాజవ్వ ఏలు పెడితె
మిషన్ బియ్యం ఇయ్యనన్నది.
"మీకు వైన్స్ ఉన్నదట గదనే" అని డీలర్ నవ్విండట.
మాధవ్‌ను అడిగిన.
రెండేండ్లే గదన్నా, ఓర్సుకో, అన్నడు.
ఓ ఇరవై ఐదు కిలోల సంచి పంపిండు, సన్నబియ్యం.
వండుకున్నం. ఏంజేస్తం.

దసరకు దుకాణం కడిగిన్రట.
బంతిపూల దండలు మూడు:
లచ్చిందేవికొకటి, గల్లపెట్టెకొకటి,
ఇంకోటి నా ఫ్రేముకు.

రాజవ్వ సంతకు పోతు సూసింది.
గంప రోడ్డు మీదనే దించి
లైన్ల మొగోళ్లను నూక్కుంట పోయి
కౌంటరు జాలి సందుల చెయ్యి పెట్టింది. అందలే.
"బతికున్నడు రా! తియ్యి ఆ దండ!" అని ఒర్రిందట.
గప్పుడు నేను పదకొండో నంబరు తాడు మీద,
గెల చెక్కుతున్న.

పిలగానికి సమజ్ గాలే.
జాలి దగ్గరికి మొకం తెచ్చి
మర్యాదగనే అడిగిండట:
"ఏం బ్రాండ్, అమ్మా?"